చిన్న కాళ్ళతో కొండెక్కాలంటే

మేం పిల్లలతో మొదటిసారి కొండెక్కింది పుణ్యగిరిలో, ఒక కార్తీకమాసం ఆదివారం. పేరుకి వనభోజనం కాబట్టి క్యారేజీలు సర్దాం, చాపలు సర్దాం, ఆఖరికి షటిల్ బ్యాట్లు కూడా సర్దాం. ఆరుగురికి తాగే నీళ్ళు మాత్రం మూడు సీసాలు. విజయనగరంలో ఇల్లు కదిలేసరికి తొమ్మిదిన్నర, శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి కొండ కిందకి చేరేసరికి పదకొండు. సగం మెట్లెక్కాక అత్తమ్మ చెప్పు పట్టీ తెగింది. చిన్నది ఎత్తుకోమని చేతులు చాచింది. ఎదురుగా కట్టెలమోపుతో దిగుతున్న ముసలాయన ఆగి మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఈ గుంటల్తో ఇప్పుడెక్కుతారేటమ్మా? ఎండ దంచేస్తంది" అన్నాడు. నవ్వి ఊరుకున్నాం. గంట తర్వాత ఒక్క సీసా అడుగున మిగిలిన నీళ్ళు ఎవరు తాగాలో తేల్చుకోలేక కూర్చున్నప్పుడు ఆయన గుర్తొచ్చాడు.

ఆ రోజు గుడి దాకా వెళ్ళి తిరిగొచ్చేశాం, పైనున్న ధార చూడలేదు. ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాం. ఇప్పుడు మా ఇంట్లో ఇది ఎలా జరుగుతుందో, వరసగా చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల ఉండి, ఆదివారం పిల్లల్ని ఫోన్ నుంచి విడదీసి అడవి చూపిద్దామనుకునే వాళ్ళ కోసం.

ముందు కొండని కాదు, పిల్లల్ని చూడండి

ఎక్కడికి వెళ్ళాలన్నది మీలో అందరికంటే తక్కువ నడవగలిగే మనిషిని బట్టి తేల్చుకోవాలి. అది నాలుగేళ్ళ పిల్ల కావచ్చు, మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ కావచ్చు. ఆఫీసులో కూర్చుని కూర్చుని ఒళ్ళు బరువెక్కిన నాన్న కూడా కావచ్చు, ఆయన ఒప్పుకోకపోయినా సరే.

చదును నేల మీద పెద్దవాళ్ళు గంటకి నాలుగైదు కిలోమీటర్లు నడుస్తారు. ఆరేళ్ళ పిల్లతో కొండదారిలో గంటకి కిలోమీటరున్నర సాగితే చాలా బాగా నడిచినట్టే. ఎందుకంటే ఆ గంటలో ఒకసారి చీమల బారు దగ్గర ఆగుతారు, ఒకసారి షూలో రాయి పడుతుంది, రెండుసార్లు ఒంటేలు వస్తుంది. కాబట్టి మొదటి నడకకి రానూ పోనూ కలిపి రెండు కిలోమీటర్లు దాటని చోటు చూసుకోండి.

అసలు ఎప్పుడూ నడవని పిల్లలైతే శాలిహుండంతో మొదలుపెట్టమంటాను. శ్రీకాకుళానికి 18 కిలోమీటర్లు, గార మండలం, వంశధార కుడిగట్టు మీద చిన్న కొండ. పైన ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు, రాతి దారి ఉన్నాయి. పెద్ద ఎక్కుడేమీ కాదు, కానీ పైకి వెళ్ళగానే కింద నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవడానికి వెళ్ళే వైపు కనిపిస్తుంది. కొండెక్కితే ఏదో ఒకటి దొరుకుతుందని పిల్లలకి ఆ రోజే తెలియాలి. ఈ చోటుని 1919లో బయటి ప్రపంచానికి చూపించింది మన గిడుగు వెంకటరామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే, సవర భాషకి నిఘంటువు రాసిన ఆయనే. మా పెద్దోడికి తెలుగు పాఠంలో వచ్చిన పేరు కొండ మీద ఎదురుపడేసరికి వాడు కాసేపు మాట్లాడకుండా ఉన్నాడు. అది నాకు దొరికిన లాభం. ఒక్క జాగ్రత్త: ఇది పురావస్తు శాఖ కాపాడే చోటు. ఇటుకల మీదికి ఎక్కడం, పేర్లు చెక్కడం నేరం, జైలు కూడా పడొచ్చు. పిల్లలకి ముందే చెప్పండి, పెద్దవాళ్ళకి ఇంకా ముందే చెప్పండి.

రెండో మెట్టు రామతీర్థం. విజయనగరం నుంచి పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు, నెల్లిమర్ల మీదుగా. అక్కడ మూడు కొండలున్నాయి. బోడికొండ మీద కోదండరాముడి గుడి, దానికి మెట్లు. గురుభక్తులకొండ మీద బౌద్ధుల నాటి ఇటుక కట్టడాల శిథిలాలు. దుర్గకొండ దగ్గర జైన విగ్రహాలు. బోడికొండ పేరులోనే ఉంది సంగతి: బండ ఎక్కువ, నీడ తక్కువ. ఉదయం తొమ్మిది దాటితే రాయి కాళ్ళ కింద పెనంలా ఉంటుంది. ఏడుకల్లా ఎక్కడం మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా దిగిపోగలిగితే మాత్రం పిల్లలకి ఇంతకంటే ఇష్టమైన చోటు ఉండదు. కోతులున్నాయి కదా.

అసలైన అడవి నడక కావాలంటే పుణ్యగిరి. ఎస్.కోట ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఉమాకోటిలింగేశ్వరస్వామి గుడి, ధార గంగమ్మ, గెడ్డ (కొండవాగు), చుట్టూ తూర్పు కనుమల చెట్లు. శివరాత్రికి జాతర జరుగుతుంది, ఆ రోజుల్లో నడక పెట్టుకోవద్దు, జనంలో పిల్లల చెయ్యి వదలకుండా పట్టుకోవడంతోనే సరిపోతుంది.

సీతంపేట వైపు జలపాతాలూ వ్యూ పాయింట్లూ బాగుంటాయి. 2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా. కానీ అటు ఏనుగుల గుంపులు తిరుగుతుంటాయి. రెండు మూడు నడకలు అలవాటయ్యాక, అక్కడి వాళ్ళని కనుక్కున్నాకే ఆ వైపు చూడండి. ఉద్దానం జీడితోటల్లో తెల్లవారుజామున, సందెవేళ ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఆ తోటల్లోకి పిల్లలతో నడకకి వెళ్ళొద్దని నా మాట.

రోజు, టైము

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మనకి బంగారం లాంటి కాలం. అక్టోబరులో గాలి బాగానే ఉంటుంది కానీ తుపాన్ల నెల అది. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. తుపాను పోయాక కూడా రెండు మూడు వారాలు ఆగాలి. సగం విరిగి పైకొమ్మకి చిక్కుకున్న కొమ్మలు చిన్న గాలికే రాలతాయి. మార్చి నుంచి ఎండ, ఎండుటాకు, కార్చిచ్చు. వానాకాలంలో కొండలు అందంగా ఉంటాయి, రాళ్ళు జారుడుబండల్లా ఉంటాయి. రెండూ నిజమే.

చలికాలంలో మనవైపు పొద్దు త్వరగా కుంకుతుందని చాలామంది మర్చిపోతారు. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో సాయంత్రం అయిదున్నర కాకుండానే సూర్యుడు దిగిపోతాడు. కొండకి తూర్పు వైపు ఉంటే నాలుగుకే నీడ పడిపోతుంది. అందుకే మా ఇంట్లో కొండలన్నీ ఉదయం పూటవే. అయిదింటికి లేవడం, ఆరుకల్లా బయల్దేరడం. పిల్లలు లేవరంటారా? ముందురోజు రాత్రి వాళ్ళ బ్యాగు వాళ్ళనే సర్దుకోనివ్వండి. స్కూలుకి పది కేకలేస్తేగానీ లేవని మా చిన్నది, బ్యాగు పక్కన పెట్టుకుని పడుకుని అయిదుకి అదే లేచి కూర్చుంది.

ముందురోజు రాత్రి వాతావరణం చూడండి. పిడుగుల కోసం 'దామిని' యాప్ ఉంది, పెట్టుకోండి. ఉత్తరాంధ్రలో పిడుగుల్ని తేలిగ్గా తీసుకోకూడదు. కొండ మీద ఉండగా ఉరుము వినిపించిందంటే వెంటనే కిందకి దారి పట్టాలి. ఒంటరి చెట్టు కింద, బోడి బండ మీద నిలబడొద్దు.

అడగాల్సిన వాళ్ళని అడగండి

గుడి దారులు, పురావస్తు స్థలాలకి అందరూ వెళ్తూనే ఉంటారు. ఆ దారి వదిలి లోపలికి నడవాలనుకుంటే అది రిజర్వు ఫారెస్టు కావచ్చు, అనుమతి లేకుండా వెళ్ళకూడదు. దగ్గర్లోని రేంజి ఆఫీసులో అడిగితే వెళ్ళొచ్చో లేదో చెబుతారు. అంతకంటే పనికొచ్చేది కొండ కింద టీకొట్టు. అక్కడ ఒక టీ తాగుతూ మూడు ప్రశ్నలు అడగండి: పైన గెడ్డలో నీళ్ళు ఎంత ఉన్నాయి? ఈమధ్య ఏ జంతువైనా కనబడిందా? తేనెపట్లు ఎక్కడున్నాయి? మూడో ప్రశ్నకి వచ్చే జవాబు చాలాసార్లు మొదటి రెండింటికంటే ముఖ్యం.

దారిలో గిరిజనుల ఊళ్ళు, పోడు చేలు ఉంటే అవి వాళ్ళ ఇళ్ళు, వాళ్ళ బతుకు. చేలో అడ్డంగా నడవకండి, అడక్కుండా మనుషుల ఫోటోలు తీయకండి. పిల్లలకి చాక్లెట్లు పంచే అలవాటు కూడా మానేయండి. అమ్మడానికి పెట్టిన పనసకాయో, చీపురో కొనండి, అది మర్యాదగా ఉంటుంది.

బ్యాగులో ఏం ఉండాలి

నీళ్ళు. పెద్దవాళ్ళకి మనిషికి రెండు లీటర్లు, పిల్లలకి లీటరు చొప్పున, సగం రోజుకి. బరువు అనిపిస్తుంది, నిజంగానే బరువు, లీటరంటే కిలో. అందరికీ పంచండి. పిల్లలు కూడా ఒక అర లీటరు మోయాలి, ఆ సీసా వాళ్ళదే అయితే నీళ్ళు కూడా బాగా తాగుతారు. మేం ఒక సీసాని "దిగే సీసా" అని పక్కన పెడతాం. వెనక్కి తిరిగేదాకా దాని మూత తీయకూడదు. గెడ్డ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగించొద్దు, పైన పశువులు దిగుతాయి.

ఓఆర్ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. లేకపోతే ఇంట్లోనే కలపొచ్చు: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువ పడకూడదు, ఆ లెక్క చేతి అందాజుతో వేసేది కాదు.

తినడానికి పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగించి తీసుకెళ్తే మధ్యాహ్నం దాకా పిల్లలు ఆకలనరు. మావాళ్ళు మొదట మొహం తిప్పుకున్నారు, మజ్జిగ, ఉల్లిపాయ వేసి ఇచ్చాక తాగారు. దారిలో నమలడానికి వేరుశనగ ఉండలు, అటుకులు బెల్లం, అరటిపళ్ళు. పులిహోర మంచిదే, తొందరగా పాడవదు. పెరుగన్నం వద్దు, క్యారేజీ మూత ఊడితే బ్యాగంతా దద్దోజనమే. మాకు అనుభవం.

మిగిలినవి: టార్చి, పిల్లలు ఒక్కొక్కరి మెడలో ఒక విజిల్, బ్యాండేజీ గుడ్డ, డెటాల్, వెడల్పాటి సెల్లో టేపు, చిన్న కత్తెర, పిన్నీసులు, పాత తువ్వాలు, రెండు ఖాళీ సంచులు. టేపు ఎందుకో తర్వాత చెబుతాను. బీపీ, సుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళుంటే వాళ్ళ డబ్బా, దాంతోపాటు నాలుగు బిళ్ళల గ్లూకోజో బెల్లం ముక్కో చేతికందేలా పై జేబులో పెట్టండి, బ్యాగు అడుగున కాదు. ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కొండ మలుపు తిరిగితే సిగ్నల్ ఉండదు.

కాళ్ళ సంగతి

ముందురోజు అందరి కాలిగోళ్ళూ తీయించండి. దిగేటప్పుడు బొటనవేలు షూ ముందుకి గుద్దుకుంటుంది, గోరు పొడుగ్గా ఉంటే రెండు రోజులు నలుపెక్కి నొప్పి. స్కూలుకి వేసుకునే నల్ల షూల అడుగు నున్నగా ఉంటుంది, పనికిరాదు. పీటీ షూ లాంటి గరుకు అడుగున్న పాత షూ చాలు, కొత్తవి కొని కొండ మీద మొదటిసారి వేయకండి, మడమ బొబ్బలెక్కుతుంది. పొడుగు ప్యాంటు, పొడుగు మేజోళ్ళు. మేజోడు ప్యాంటు మీదికి లాగితే పురుగులు లోపలికి దూరవు. చూడ్డానికి బాగోదు, పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పెద్దవాళ్ళకి చేతికర్ర. మా అత్తమ్మ "నేనేం ముసలిదాన్నా?" అని ఒకసారి కోప్పడ్డారు. రెండోసారి అడక్కుండానే దారి పక్కన పడి ఉన్న వెదురు కర్ర ఏరుకున్నారు. ఆ కర్ర ఇప్పటికీ మా గుమ్మం వెనకాలే ఉంది. తెగిన ఆ చెప్పుని మాత్రం పిన్నీసు పెట్టి, చీర చెంగు చింపి కట్టి ఎలాగో దించాం. అప్పటి నుంచి ఆవిడా షూలే.

నడవడం

ముందు ఒక పెద్ద, వెనకాల ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. ముందు నడిచేవాళ్ళు అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళయితే మంచిది, అప్పుడు ఎవరూ వెనకపడరు. వెనక నడిచేవాళ్ళ పని తలలు లెక్కపెట్టడం. మలుపు వస్తే మలుపు దగ్గర అందరూ కలిసేదాకా ఆగాలి. పరుగెత్తే పిల్లవాడికి ఈ ఒక్క నియమం ఇవ్వండి: నువ్వు ఎంత ముందుకైనా వెళ్ళు, కానీ అమ్మ కనిపించకపోతే ఆగిపో.

తప్పిపోతే ఏం చెయ్యాలో కూడా ఇంటి దగ్గరే నేర్పండి. వెతుక్కుంటూ తిరగొద్దు. ఒక చెట్టుని ఎంచుకుని దాని దగ్గరే కూర్చుని మూడేసి సార్లు విజిల్ ఊదుతూ ఉండాలి. దారి తప్పిన పిల్లలకి చీకటికంటే ఎక్కువ హాని చేసేది వాళ్ళ కంగారు నడకే.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతి. ఎక్కడం మొదలుపెట్టే ముందే వెనక్కి తిరిగే టైము పెట్టుకోవాలి, చోటు కాదు. ఏడింటికి మొదలై పదకొండుకల్లా కింద ఉండాలనుకుంటే, తొమ్మిదికి ఎక్కడున్నా సరే వెనక్కి. గుడి ఇంకో పది నిమిషాల్లో వస్తుందన్నా సరే, ధార చప్పుడు వినబడుతున్నా సరే. పిల్లలతో దిగడానికి ఎక్కినంత టైమూ పడుతుంది, అలసిపోయి ఉంటారు కాబట్టి ఒక్కోసారి ఎక్కువే పడుతుంది. మా ఆయన మొదట్లో దీనికి ఒప్పుకునేవారు కాదు, "ఇంత దూరం వచ్చి..." అనేవారు. దానికి నేను కనిపెట్టిన చిట్కా ఏంటంటే, ఆ టైముకి ఫోన్‌లో అలారం పెట్టి ఫోన్‌ని మా పెద్దోడి చేతికి ఇవ్వడం. తండ్రి మాట తండ్రి చేతే నిలబెట్టించడంలో పిల్లలకి ఉండే సరదా అంతా ఇంతా కాదు.

"ఇంకెంత దూరం?"

ఈ ప్రశ్న పదిహేను నిమిషాలకోసారి వస్తుంది. "దగ్గరే" అని అబద్ధం చెప్పకండి, రెండోసారికి నమ్మరు. దూరం బదులు పని చెప్పండి. అడ్డాకు తీగ ఎవరు ముందు కనిపెడతారు? మన పెళ్ళిళ్ళలో విస్తళ్ళు కుట్టే ఆకు, గిట్టలా రెండుగా చీలి ఉంటుంది, చెట్లకి తాళ్ళలా అల్లుకుంటుంది. అత్తిపత్తి ఎక్కడుంది, ముట్టుకుంటే ఎంతసేపటికి మళ్ళీ విచ్చుకుంటుంది? నల్లమద్ది చెట్టు బెరడు మొసలి వీపులా ఉందా లేదా? నేరేడు, ఉసిరి, కరక్కాయ, మోదుగ, ఇప్ప, అయిదు చెట్లు పేరుతో గుర్తుపడితే దిగాక ఐస్‌క్రీం.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూపించండి. నీడలో, వాన తగలని పొడి మట్టిలో, బండ కిందో గుడి అరుగు వారనో, గరాటుల్లాంటి చిన్న చిన్న గుంటలు ఉంటాయి, వేలి చివర పట్టేంత. మోకాళ్ళ మీద కూర్చుని ఒక గడ్డిపరకతో ఆ గుంట అంచు నుంచి రెండు రేణువులు జారవిడవండి. అడుగు నుంచి ఎవరో చిన్న పారతో మన్ను పైకి విసిరినట్టు ఎగురుతుంది. ఇంకోసారి, ఇంకోసారి. ఒక చీమ పొరపాటున అంచు మీద కాలు పెట్టిందంటే మట్టి జారుతుంది, చీమ పైకి పాకుతుంది, కింద నుంచి మట్టి దాని మీద పడుతుంది, మళ్ళీ జారుతుంది. అడుగున ఇసుకలో పూడుకుని కొడవళ్ళ లాంటి రెండు దవడలు చాచి కూర్చున్న పురుగు ఉంటుంది. అది పెద్దయ్యాక తూనీగలాగా రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. మా చిన్నది చీమ పక్షం, పెద్దోడు పురుగు పక్షం. ముప్పావుగంట అక్కడే అయిపోయింది, పైకి వెళ్ళనే లేదు. ఆ రోజు ఎవరూ "ఇంకెంత దూరం" అనలేదు.

పుట్టలు మాత్రం దూరం నుంచే. పుల్ల పెట్టి పొడవనివ్వకండి.

జాగ్రత్తలు, భయపెట్టకుండా

దూలగొండి గురించి ముందు చెబుతాను, ఎందుకంటే చలికాలంలోనే దాని కాయలు ఎండుతాయి. చిక్కుడుకాయలా వంకర తిరిగి, మీద బంగారు రంగు నూగుతో ముద్దొస్తూ ఉంటుంది. మా పెద్దోడు "అమ్మా, పిల్లి తోక" అని నిమిరాడు. నిమిషంలో చెయ్యి, ఆ చేత్తో రుద్దుకున్న మెడ, మెడ తుడిచిన నా చెంగు, అందరికీ దురద. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. టేపు ముక్కలు అంటించి అంటించి పీకాలి, ఆ తర్వాత రుద్దకుండా నీళ్ళు పోయాలి. టేపు ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది కదా. ఆ బట్టలు ఇంటికొచ్చాక మిగతా బట్టల్తో కలపకండి.

తేనెటీగలు. పెద్ద బండల కింద, ఎత్తయిన చెట్ల కొమ్మలకి వేలాడే పట్ల కింద కూర్చోవద్దు, పొగ పెట్టొద్దు, కేకలొద్దు. గాఢమైన సెంట్లు ఆ రోజుకి ఇంట్లోనే ఉంచండి. లేచాయంటే చేతులూపకుండా, తువ్వాలు మొహం మీద కప్పుకుని, పిల్లని ఎత్తుకుని పరుగు. కారు, ఆటో, ఇల్లు, ఏదైనా మూసుకునేది చేరాలి. నీళ్ళలో దూకితే అవి పైనే కాచుకుంటాయి. చాలా ముళ్ళు గుచ్చుకున్నా, మొహం వాచి ఊపిరి ఇబ్బంది అయినా ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి.

గెడ్డ దగ్గర మోకాలి లోతు దాటి పిల్లల్ని దింపకండి. పాచి పట్టిన రాయి తడి సబ్బులాంటిది. మీకు ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడి ఉండొచ్చు. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడ్డాయన్నా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయన్నా, సామాన్లు వదిలేసైనా గట్టెక్కండి. ధార కింద సెల్ఫీ కోసం ఎక్కే బండల మీదే ఎక్కువమంది జారతారు.

పాము కనిపిస్తే ఆగి, నాలుగడుగులు వెనక్కి వేసి, దారి ఇవ్వాలి. అడుగు ఎక్కడ వేస్తున్నామో చూస్తూ నడిస్తే, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకపోతే చాలావరకు దాని దారి దానిది. కాటు పడితే: కోయొద్దు, నోటితో లాగొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, పసరు కోసం వెతకొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేయండి, వాపు వస్తే ఇరుక్కుంటాయి. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి. పాముని చంపి తీసుకెళ్ళాల్సిన పని లేదు.

రామతీర్థం కోతులకి ప్లాస్టిక్ సంచి చప్పుడు తెలుసు. తినేవి గుడ్డ సంచిలో, ఆ సంచి బ్యాగులో. ఎదురుగా వచ్చి పళ్ళు చూపిస్తే కళ్ళలోకి చూడొద్దు, నవ్వొద్దు, మన పళ్ళు కూడా దానికి కయ్యానికి పిలిచినట్టే. కరిచినా గీరినా, సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పారే నీళ్ళతో కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్ళండి.

బాత్రూం, చెత్త

ఇది ఎవరూ రాయరు, ఆడవాళ్ళందరికీ తెలుసు. కొండ మీద బాత్రూం ఉండదనుకునే వెళ్ళండి. కింద, గుడి దగ్గరో టీకొట్టు దగ్గరో బస్టాండులోనో పని చూసుకునే ఎక్కండి. బస్సులో వెళ్తుంటే మన విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనే ఆ పని కానివ్వండి. బాత్రూం లేదన్న భయంతో నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళని చాలామందిని చూశాను, తర్వాత తలనొప్పితో దిగుతారు. అలా చేయకండి. ఒక పాత చీరని ఇద్దరు పట్టుకుంటే గది అవుతుంది. గెడ్డకి, దారికి అరవై డెబ్భై పెద్ద అంగల దూరం వెళ్ళి, చిన్న గొయ్యి తీసి, మన్ను కప్పండి. వాడిన ప్యాడ్లు, డైపర్లు, టిష్యూలు మాత్రం కాగితంలో చుట్టి ఖాళీ సంచిలో వెనక్కి తేవాల్సిందే.

తిన్న చోట పొయ్యి వెలిగించొద్దు. వనభోజనం అంటే వంట అక్కడే చెయ్యాలనేది నాకు తెలుసు, కార్తీకమాసం ముచ్చట, ఉసిరిచెట్టు నీడ, అన్నీ నిజమే. ఆ వంట కొండ కింద, చోటున్న దగ్గర, నీళ్ళ బకెట్ పక్కన పెట్టుకుని చేసుకోండి. అడవిలో ఎండుటాకు మీద ఒక్క నిప్పురవ్వ చాలు. అడ్డాకు విస్తళ్ళలో తిన్నా, అవి కుళ్ళిపోతాయిలే అని విసిరేయకండి. కూర అంటిన ఆకుకి కోతులూ కుక్కలూ వస్తాయి, తర్వాత వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కుంటాయి.

ఇంటికొచ్చాక

షూలు గుమ్మం బయటే. స్నానానికి ముందు పిల్లల చెవుల వెనక, చంకల్లో, నడుము పట్టీ దగ్గర, జుట్టు కుదుళ్ళలో పిడుదులు పట్టాయేమో చూడండి. ఉంటే నూనె పోయడం, అగ్గిపుల్లతో చురక పెట్టడం లాంటివి చేయకుండా, సన్నని పటకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా నిటారుగా లాగండి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళిన సంగతి డాక్టరుకి చెప్పాలి.

ఆ రాత్రికే, మర్చిపోకముందే, ఒక పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి: ఎన్నింటికి మొదలు, ఎక్కడ వెనక్కి తిరిగాం, ఎన్ని నీళ్ళు మిగిలాయి, ఎవరికి ఎక్కడ నొప్పి. మళ్ళీసారికి ఏ సలహాకంటే మీ సొంత లెక్కే పనికొస్తుంది. మా పుస్తకంలో మొదటి పేజీ మా ఆయన రాత: "పుణ్యగిరి. 11కి మొదలు. నీళ్ళు 3 సీసాలు, మిగిలింది 0. అమ్మ చెప్పు." మొన్న డిసెంబరులో మళ్ళీ అక్కడికే వెళ్ళొచ్చాం, ఈసారి ధార దాకా. ఆ పేజీ మా చిన్నది రాసింది: "6:50. సీసాలు 9, మిగిలింది 2. గెడ్డలో పీతలు 3. ఒకటి నన్ను చూసింది."